నీలం డబ్బా వారం

గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు లీ గార్‌సైడ్ గడువు తీరిపోతుంది. నేరం మోపకుండా ఒక మనిషిని స్టేషన్లో ఇరవై నాలుగు గంటలే ఉంచుకోవచ్చు. ఆలోగా అతని మీద హత్యానేరం మోపాలి, లేదా తలుపు తీసి పంపించెయ్యాలి. ఇన్‌స్పెక్టర్ ఆల్థార్ప్ పంపించే రకం కాదు. రెండున్నరకు ప్రాసిక్యూటర్‌తో ఫోన్లో మాట్లాడటానికి అప్పుడే సమయం ఖాయం చేసుకున్నాడు.

డిటెక్టివ్ సార్జెంట్ గ్వెన్ రిడ్స్‌డేల్ గడియారం చూసింది. పదకొండూ నలభై.

లీని అరెస్టు చేసింది ఆమే. బేడీలు వేస్తున్నప్పుడు అతను తన గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు. ఎల్సీని బడి నుంచి ఎవరు తీసుకొస్తారని మాత్రం అడిగాడు. ఎల్సీకి ఆరేళ్ళు. తల్లి రెండేళ్ళ కిందట ఇల్లు వదిలి వెళ్ళింది, ఎక్కడుందో తెలియదు. స్కార్‌బరోలో ఉన్న నానమ్మ తుంటి ఆపరేషనై మంచం మీద ఉంది. నిన్న రాత్రి పక్కింటి డోరీన్ హోయిల్ పిల్లను తన దగ్గర పడుకోబెట్టుకుంది. అంతకుమించి ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. లీ మీద నేరం మోపితే, ఇవాళ మూడుంపావుకు బడి గేటు దగ్గర ఒక సంక్షేమాధికారి నిలబడి, ఎల్సీని ముక్కూమొహం తెలియని వాళ్ళింటికి తీసుకెళ్తుంది. ఎన్నాళ్ళకో ఎవరూ చెప్పలేరు.

చనిపోయింది వినిఫ్రెడ్ ట్రాంటర్. డెబ్బై మూడేళ్ళు. మార్ల్‌బెక్ బడిలో సెక్రటరీగా పనిచేసి రిటైరైంది. కూపర్స్ క్లోజ్‌లో నాలుగో నంబరు ఇల్లు, ఒంటరి మనిషి. మంగళవారం పొద్దున పది గంటలకు డోరీన్ తన దగ్గరున్న మారు తాళంతో తలుపు తీసి చూస్తే వంటింట్లో బోర్లా పడి ఉంది. తల వెనక బలమైన దెబ్బ. ఏ వస్తువుతో కొట్టారో దొరకలేదు. ఇంట్లో హీటరు మూడు రోజులుగా ఆగకుండా మండుతోంది కాబట్టి డాక్టరు కచ్చితంగా చెప్పలేకపోయాడు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం అర్ధరాత్రి లోపు ఎప్పుడైనా కావచ్చన్నాడు.

ఆ వ్యవధిని కుదించింది గ్వెనే. సోమవారం సాయంత్రం ఐదున్నరకు డోరీన్ కొట్టుకు వెళ్ళేటప్పుడు వినిఫ్రెడ్ గేటు ముందు చెత్త డబ్బా లేదు. ఆరింటికి తిరిగొచ్చేసరికి ఉంది. అంటే ఆరింటికి వినిఫ్రెడ్ బతికే ఉంది. గదిలో తెల్లబోర్డు మీద ఆ మాట గ్వెన్ చేతిరాతలోనే ఉంది.

ఆ ఒక్క వాక్యం లీని పట్టించింది. ఆదివారం పొద్దుటి నుంచి సోమవారం నాలుగు గంటల దాకా అతను, ఎల్సీ స్కార్‌బరోలో నానమ్మ దగ్గర ఉన్నారు. సోమవారం ఎల్సీ బడి మానేసింది, అక్కడ నర్సు కూడా వాళ్ళను చూసింది. కానీ సోమవారం సాయంత్రం నుంచి ఇంట్లోనే ఉన్నాననే మాటకు నిద్రపోతున్న ఆరేళ్ళ పిల్ల తప్ప సాక్ష్యం లేదు. శనివారం కంచె దగ్గర వినిఫ్రెడ్‌తో గొడవపడి, ఆ కంచె కిందే పాతేస్తానని అరిచాడు. రెండిళ్ళ వాళ్ళు విన్నారు. సోమవారం రాత్రి తొమ్మిదింటికి అతను ఆమె పెరటి గుమ్మం దగ్గర నిలబడటం డోరీన్ చూసింది. ముందు వెళ్ళలేదన్నాడు. తలుపు పిడి మీద వేలిముద్రలు చూపించాక, క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళానని, తలుపు తియ్యకపోతే తిరిగొచ్చేశానని మాట మార్చాడు.

బోనులో నిలబెట్టడానికి అది చాలు. గ్వెన్‌కు మాత్రం ఏదో సరిపడలేదు. చంపిన వాడు అంత చెత్తగా అబద్ధం చెప్పడనిపించింది. ఆ మాట ఆల్థార్ప్‌తో అంటే ఆయన కాగితాల మీంచి తలెత్తలేదు. సంక్షేమాధికారి పిల్లకు రెండు రోజుల బట్టలు అడిగిందని చెప్పాడు.

"వెళ్ళి సర్దుకురా గ్వెన్. అది కూడా పోలీసు పనే."

కూపర్స్ క్లోజ్‌లో తొమ్మిదిళ్ళు. అటువైపు దారి లేని వీధి. కారు దిగగానే కుళ్ళిన కూరగాయల వాసన కొట్టింది. ప్రతి ఇంటి పక్కా నల్ల డబ్బా మూత పడనంతగా ఉబ్బి ఉంది. సముద్రపు కాకులు ఒక సంచి చీల్చి కోడి ఎముకలు రోడ్డు మీదికి లాగాయి. డోరీన్ చీపురుతో వాటిని తరుముతోంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నోటికి జంకు లేదు.

"పోలీసులొచ్చారు, డాక్టరొచ్చాడు, టీవీ వాళ్ళొచ్చారు. చెత్త లారీ వాడు మాత్రం రాడమ్మాయ్."

మంగళవారం వచ్చింది కదా అంది గ్వెన్, లీ ఇంటి తాళం తీస్తూ.

వచ్చిందట. ఏడింటికి వచ్చి, తొమ్మిది గేట్ల ముందూ ఆగి, ఒక్క డబ్బా కూడా ఎత్తకుండా పోయిందట. ఒక వారం మామూలు చెత్త ఉన్న నల్ల డబ్బా, మరో వారం కడిగి వెయ్యాల్సిన సీసాలూ, కాగితాలూ ఉన్న నీలం డబ్బా. మొన్న మంగళవారం నల్లది పెట్టాల్సిన వారం. వీధంతా నీలం పెట్టింది. తప్పు డబ్బా పెడితే వాళ్ళు తాకరు. ఇంకో వారం దాకా ఈ కంపు భరించాల్సిందే.

గ్వెన్ చెయ్యి తాళం మీదే ఆగిపోయింది.

"తొమ్మిదిళ్ళ వాళ్ళూ ఒకేసారి ఎలా తప్పారు?"

"ఎలా ఏముంది. వినిఫ్రెడ్ గేటు ముందు ఏ రంగుంటే మాదీ ఆ రంగే. పదకొండేళ్ళుగా అంతే. క్యాలెండరు చూసుకునే ఓపిక ఎవరికుంది?" డోరీన్ చీపురు గోడకు ఆనించింది. "పదకొండేళ్ళలో ఒక్కసారి తప్పిందమ్మా, అదీ పోయే రోజున. వయసు మీద పడుతోంది పాపం అనుకున్నా."

గ్వెన్‌కు కొత్త సంగతి కాదిది. తన వీధిలో పన్నెండో నంబరు ఇంట్లో రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఏది పెడితే తనూ అదే పెడుతుంది. ఊళ్ళో ప్రతి వీధికీ అలాంటి మనిషి ఒకరుంటారు. ఆ మనిషి పొరపాటు పడరు. పడితే వీధి మొహం చూడలేరు.

ఎల్సీ బట్టల సంగతి వదిలేసి నాలుగో నంబరు ఇంటికి నడిచింది. పోలీసుల టేపు కింద నుంచి దూరి వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు మీద కౌన్సిల్ వాళ్ళిచ్చిన క్యాలెండరు ఉంది. మంగళవారం గడి చుట్టూ నల్ల సిరాతో వలయం. లోపల బడి సెక్రటరీ గుండ్రటి అక్షరాల్లో 'నల్లది' అని ఉంది. పెరటి గుమ్మం పక్కన మూతి కట్టిన నల్ల సంచి, బయటికి తీసుకెళ్ళడానికి సిద్ధంగా ఉంది.

ఇంతా రాసుకున్న మనిషి నీలం డబ్బా లాక్కెళ్ళి గేటు ముందు పెట్టదు. పెట్టింది వేరే ఎవరో. ఆమె బతికే ఉందని వీధి నమ్మాలని పెట్టారు. అంటే అప్పటికే ఆమె ఈ నేల మీద పడి ఉంది. ఆదివారం నుంచీ పడి ఉండొచ్చు. సోమవారమంతా వాన. ఆమె కనిపించలేదని ఎవరూ అనుకోలేదు.

ఆదివారం లీ స్కార్‌బరోలో ఉన్నాడు.

ఫోన్లో ఆల్థార్ప్ చివరిదాకా విన్నాడు. తర్వాత నిదానంగా మాట్లాడాడు.

"డబ్బా రంగు చూసి ఒక హంతకుణ్ణి వదిలెయ్యమంటావా? డెబ్బై మూడేళ్ళ మనిషి వారం మర్చిపోయిందంటాడు జడ్జి. నేనూ అదే అంటాను. జడ్జి నవ్వకుండా ఉండేది ఏదైనా ఉంటే తీసుకురా. రెండున్నర లోపు."

పన్నెండూ నలభై.

ఆమె వంటింట్లో నిలబడి మళ్ళీ మొదటి నుంచి ఆలోచించింది. నీలం డబ్బా పెట్టిన వాడు లారీ దాన్ని తీసుకెళ్తుందనే నమ్మాడు. పొద్దున ఏడింటికి లారీ వస్తుంది, శవం దొరికేది ఆ తర్వాత. అంతకంటే మంచి దారి ఉండదు, దేన్నయినా వదిలించుకోవడానికి. మంగళవారం తనిఖీ చేసిన కానిస్టేబుల్ పుస్తకంలో, లారీ వచ్చి వెళ్ళింది, డబ్బా ఖాళీ అని రాసుకున్నాడు. గేటు ముందు డబ్బా లేదు కాబట్టి మూత ఎత్తి చూసే పని కూడా లేకపోయింది.

కానీ లారీ ఏమీ ఎత్తలేదు.

బయటికి పరుగెత్తి, వినిఫ్రెడ్ నీలం డబ్బా ఎక్కడని డోరీన్‌ను అడిగింది. డోరీన్ ముఖం మాడ్చుకుంది. మంగళవారం పొద్దున లారీ పోగానే తన డబ్బాతో పాటు దాన్ని కూడా లోపలికి లాగేసిందట. లేవడం ఆలస్యమైందేమో పాపం, రోడ్డు మీద ఎందుకనుకుంది. ఎవరి డబ్బా మిగిలినా పక్కవాళ్ళు లోపలికి లాగడం ఈ వీధిలో మామూలే. తర్వాత మీ టేపులొచ్చాయి, ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు అంది.

డోరీన్ ఇంటి పక్క సందులో గోడకు ఆనించి ఉంది. మూత మీద తెల్ల రంగుతో 4 అంకె.

ఒంటిగంటా పదికి కాలమ్ ఫ్రేన్ తన పెట్టెతో వచ్చాడు. వేలిముద్రలూ రక్తపు మరకలూ అతని పని. తిట్టుకుంటూనే చేతి తొడుగులు వేసుకుని మూత తీశాడు. పైన ఒక షెర్రీ సీసా. శుభ్రంగా కడిగి ఉంది. మూత విడిగా దాని పక్కనే ఉంది. కింద సూపు డబ్బాలు, మడత పెట్టిన పేపర్లు. సీసా మెడకు గులాబీ రంగు చీటీ, మీద పారదర్శకమైన టేపు. చీటీ మీద 285.

కాలమ్ దూది పుల్లతో సీసా అడుగు అంచున రుద్ది, రెండు చుక్కల మందు వేశాడు. దూది గులాబీ రంగుకు తిరిగింది, అంటే రక్తమే. తర్వాత భూతద్దంతో టేపు అంచు చూశాడు. చాలాసేపు చూశాడు. టేపు జిగురుకు అతుక్కుని ఒక తెల్ల వెంట్రుక ఉంది, కొసన ఎండిన రక్తం.

"కడిగినవాడు బాగానే కడిగాడు," అన్నాడు. "టేపు కింద ఎవరు కడుగుతారు?"

వెనక నుంచి డోరీన్ గొంతు వినిపించింది. మామూలుగా ఉండే జోరు లేదు.

"అది నా సీసా."

చర్చి సంతలో లాటరీ బల్ల డోరీన్‌దే. బహుమతి సీసాలకు నంబరు చీటీలు అంటించింది తనే, ఆ టేపూ తనదే. సంత జరిగింది శనివారం మధ్యాహ్నం. అంటే ఈ సీసా వినిఫ్రెడ్ ఇంటికి వచ్చింది ఆ తర్వాతే. శనివారం వినిఫ్రెడ్ సంతకు రాలేదు. కంచె గొడవతో తలనొప్పని ఇంట్లోనే ఉండిపోయింది.

285 ఎవరికి తగిలిందని గ్వెన్ అడిగింది. డోరీన్ ఏప్రాన్ కొసతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

"హెడ్మాస్టరు గారికి."

రాడ్నీ ఆస్క్యూ. మార్ల్‌బెక్ బడికి ఇరవై రెండేళ్ళు హెడ్మాస్టరు. అందులో పందొమ్మిదేళ్ళు వినిఫ్రెడ్ ఆయన సెక్రటరీ. మంగళవారం ఆయనే స్టేషన్‌కు వచ్చి, మూడు వారాలుగా ఆమెను చూడలేదని కళ్ళనీళ్ళతో వాంగ్మూలం ఇచ్చాడు. సోమవారం ఆరుంపావు నుంచి చర్చిలో పాడేవాళ్ళకు సాధన చేయించాడు, ఇరవై మంది సాక్షులు. అక్కణ్ణుంచి చెల్లెలింటికి వెళ్ళి రాత్రి అక్కడే పడుకున్నాడు. అనుమానించడానికి ఒక్క నిమిషం కూడా ఖాళీ లేదు. ఆయన సంతకం చేసిన కాగితాన్ని ఫైల్లో పెట్టింది గ్వెనే.

ఆమె కూడా ఆ బడిలోనే చదివింది.

ఆల్థార్ప్‌కు ఫోన్ చేస్తే వేరే లైన్లో ఉన్నాడన్నారు. ఒకటీ నలభై. ఒక కానిస్టేబుల్‌ను ఎక్కించుకుని వంతెన మీదుగా హాథర్‌బీ వైపు కారు తిప్పింది. రెండేళ్ళ కిందట ఆస్క్యూ అక్కడికి మారాడు. వంతెన దాటితే ఊరి పేరు మారుతుంది, కౌన్సిల్ మారుతుంది, చెత్త లారీ రంగు కూడా మారుతుంది.

ఆయనే తలుపు తీశాడు. డెబ్బై దాటినా నిటారుగా ఉన్నాడు. టై కట్టుకుని ఉన్నాడు.

"గ్వెన్ రిడ్స్‌డేల్. జేబులోంచి చేతులు తియ్యమని నీకు ఎన్నిసార్లు చెప్పానో."

ఆమె నిజంగానే చేతులు తీసింది. తీసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. హాల్లో నిలబడే ఆయనకు చట్టం చెప్పమన్న మాటలు చెప్పింది. మాట్లాడక్కర్లేదని, మాట్లాడితే కోర్టులో వాడతామని. ఆయన టీ పెట్టమంటావా అని అడిగాడు, అవేవీ విననట్టు.

వినిఫ్రెడ్ ఇంటికి చివరిసారి ఎప్పుడు వెళ్ళారని అడిగింది. మూడు వారాలైందన్నాడు. శనివారం గెలిచిన షెర్రీ సీసా ఏమైందని అడిగింది. సంతలోనే ఎవరికో ఇచ్చేశానన్నాడు. ఎవరికి? వినిఫ్రెడ్‌కే అనుకుంటా అన్నాడు. ఆమె శనివారం సంతకు రాలేదని గ్వెన్ చెప్పింది. అయితే ఇంకెవరికో అయ్యుంటుంది, ఈ వయసులో అన్నీ గుర్తుండవు అన్నాడు, చిన్నగా నవ్వుతూ. ఆ నవ్వు వెనకే ఒక మంచి లాయరు నిలబడతాడని ఆమెకు అర్థమైంది.

హాల్లో గడియారం రెండూ ఐదు చూపిస్తోంది.

"మొన్న మంగళవారం మీ వీధిలో ఏ డబ్బా సార్?"

"నీలం," అన్నాడు వెంటనే, పాఠం అప్పజెప్పినట్టు.

"మార్ల్‌బెక్‌లో నల్లది సార్. వీధిలో ఒక్క డబ్బా కూడా ఎత్తలేదు. సీసా మా దగ్గరే ఉంది. టేపు కింద ఆమె వెంట్రుకతో సహా."

ఆయన చేత్తో తడుముకుని మెట్ల మీద కూర్చున్నాడు. కానిస్టేబుల్ ఒక అడుగు ముందుకు వేశాడు. గ్వెన్ చెయ్యి అడ్డం పెట్టింది.

లాయరు వచ్చేదాకా ఏమీ చెప్పనక్కర్లేదని ఆమె మళ్ళీ గుర్తుచేసింది. ఆయన చెప్పడం ఆపలేదు. ఇరవై ఏడేళ్ళ కిందట బడి పిల్లల్ని కొండ మీదికి నడకకు తీసుకెళ్ళారు. మంచు వస్తోంది, పంపొద్దని పొద్దున్నే ఒక రైతు ఫోన్ చేశాడు. వినిఫ్రెడ్ ఆ మాట చీటీ మీద రాసి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది. ఆయన పంపించాడు. ఒక పిల్లవాడు చలికి బిగుసుకుని చనిపోయాడు. ఏ హెచ్చరికా రాలేదని ఆయన విచారణలో చెప్పాడు. వెంట వెళ్ళిన కుర్ర టీచరు మీదికి తప్పంతా పోయింది, ఉద్యోగమూ పోయింది. వినిఫ్రెడ్ నోరు మూసుకుంది, కానీ చీటీ చింపలేదు. పోయిన నెల ఆ టీచరు చనిపోయింది. మంగళవారం ఆ చీటీ పోలీసులకు ఇస్తానని వినిఫ్రెడ్ ఆయనకు కబురు పెట్టింది. ఆదివారం సాయంత్రం ఆయన షెర్రీ సీసా పట్టుకుని బతిమాలడానికి వెళ్ళాడు.

"పందొమ్మిదేళ్ళు నేనేం చెబితే అది టైపు చేసిన మనిషి," అన్నాడు ఆస్క్యూ. "ఒక్కసారి వెనక్కి తిరిగి కాదంది."

చీటీని అక్కడే పొయ్యి మీద కాల్చేశాడట. సీసాలో మిగిలింది సింకులో పారబోసి, కడిగి, నీలం డబ్బాలో వేశాడట. ఆమె తాళాలు జేబులో వేసుకుని వచ్చి, సోమవారం చీకటి పడ్డాక, సాధనకు వెళ్ళేముందు, వాన కోటు టోపీ ముఖం మీదికి లాక్కుని డబ్బాను గేటు ముందుకు లాగాడు. డబ్బా లాగుతున్న మనిషి వైపు ఎవరు చూస్తారు?

గ్వెన్‌కు ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు. సీసాను నది దాటేటప్పుడు నీళ్ళలోకి విసిరెయ్యకుండా, అంత జాగ్రత్తగా కడిగి, మూత విడిగా తీసి ఎందుకు వేశారని అడిగింది.

ఆస్క్యూ ఆమె వైపు, అడగకూడని ప్రశ్న అడిగిన పిల్లను చూసినట్టు చూశాడు.

"కడక్కుండా వెయ్యకూడదు కదా."

ఆస్క్యూను వెంటబెట్టుకుని స్టేషన్ చేరేసరికి రెండూ నలభై మూడు. ఆల్థార్ప్ గది తలుపు వేసి ఉంది. అద్దంలోంచి ఫోన్ చెవికి పెట్టుకుని కనిపించాడు. ఎదురుగా లీ ఫైలు తెరిచి ఉంది. గ్వెన్ తలుపు కొట్టకుండా లోపలికి వెళ్ళింది. ఆయన చేత్తో బయటికి పొమ్మని సైగ చేశాడు. నేరం మోపడానికి అనుమతిస్తూ ప్రాసిక్యూటర్ చెబుతున్న మాటలు కాగితం మీద రాసుకుంటున్నాడు. ఆమె ఆ కాగితం మీద, ఆయన పెన్ను కిందే, సీసా ఫోటో పెట్టింది. పక్కన తను ముత్యాల్లా రాసుకొచ్చిన నాలుగు లైన్లు పెట్టింది.

పెన్ను ఆగింది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. ఫోన్లో అవతలి గొంతు హలో, హలో అంటూనే ఉంది.

"మళ్ళీ చేస్తాను," అని ఫోన్ పెట్టేశాడు. రెండూ యాభై. ఆల్థార్ప్ క్షమాపణలు చెప్పే మనిషి కాదు. కుర్చీలో వెనక్కి వాలి, గోడ మీది తెల్లబోర్డు చూపించాడు.

"ఆరింటికి బతికే ఉంది. ఎవరి చేతిరాత అది?"

"నాదే సార్. రిపోర్టులో అలాగే రాస్తాను."

కస్టడీ సార్జెంటు లీకి బెల్టు, బూటు తాళ్ళు, ఫోను తిరిగిచ్చాడు. లీ సంతకం పెట్టాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. గ్వెన్ జరిగింది చెప్పడం మొదలుపెడితే చెయ్యెత్తి ఆపాడు.

"టైమెంత?"

మూడుకు రెండు నిమిషాలు. సంక్షేమాధికారికి అప్పుడే ఫోన్ చేశానని, ఆమె గేటు దగ్గరికి రాదని గ్వెన్ చెప్పింది. కారులో దింపుతానంది. లీ ఆలోచించాడు. నడిచి వెళ్తే ఇరవై నిమిషాలు పడుతుంది.

"గేటు దాకా వద్దు. మూల మీద ఆపండి."

దారిలో బూటు తాళ్ళు రెండుసార్లు విప్పి కట్టుకున్నాడు. మందుల షాపు మూల మీద గ్వెన్ కారు ఆపింది. అతను దిగి బడి వైపు నడిచాడు. గేటు దగ్గర ముప్ఫై మంది దాకా ఉన్నారు. తల్లులు, ఇద్దరు తాతలు, చేతిబండిలో పసిపిల్లలు. అతన్ని చూసిన వాళ్ళు మాటలు ఆపేశారు. ఒకామె తన చేతిబండిని పక్కకు లాక్కుంది. అతని చుట్టూ జాగా ఖాళీ అయింది. లీ నేల చూపులు చూస్తూ ఆ ఖాళీలో నిలబడ్డాడు.

గ్వెన్ స్టీరింగ్ పట్టుకుని కాసేపు చూసింది. ఆస్క్యూ పేరు బయటికి రావడానికి రేపు సాయంత్రమవుతుంది. అప్పటిదాకా ఈ జాగా ఇలాగే ఉంటుంది. ఆమె కారు దిగి, తలుపు గట్టిగా వేసి, గేటు దాకా నడిచింది. నిన్న అతనికి బేడీలు వేసింది ఈమేనని వాళ్ళలో సగం మందికి తెలుసు.

"గార్‌సైడ్ గారూ." గొంతు పెంచి, అందరికీ వినిపించేలా అంది. "మిమ్మల్ని పట్టుకోవడం నా పొరపాటు. మీరు ఏ తప్పూ చెయ్యలేదు. చేసినవాణ్ణి పట్టుకున్నాం."

లీ తిరిగి చూడలేదు. మెడ మాత్రం కొంచెం నిటారుగా అయింది. చేతిబండి ఆమె బండిని తిరిగి పాత చోటికి నెట్టింది.

గంట మోగింది. పిల్లలు గుంపుగా బయటికి వచ్చారు. ఎల్సీ చివరి వరసలో ఉంది. తండ్రిని చూసి పరుగెత్తలేదు. మామూలు నడకతోనే వచ్చి, సంచి తీసి అతని చేతికిచ్చింది.

"నిన్న రాలేదేం?"

"పని పడింది," అన్నాడు లీ.

"డోరీన్ వాళ్ళింట్లో గంజి బాలేదు," అంది ఎల్సీ. ఇద్దరూ వీధి దాటారు.